రోగి వెంట పోవువారెవరు?

శ్రావణ భాద్రపదములు మన డెల్టా దిగువ భాగమున నాట్లకును కలుపులకును కాలము. కాలువనీరు చేలకెక్కినంతనే పాములు బొరియలు విడిచి గట్లెక్కును. ఆ గట్లమీదనే మనమును నడువవలసియుండును. ఈ పత్రికలో మేము సాధారణముగా విత్తనములు, ఎరువులు, వడ్డీలు, బకాయిలు మొదలగు వానిని గూర్చి వ్రాయుచుందుము. ఈ నెల వేరొక విషయము వ్రాయవలసి వచ్చినది. పైకి ఇది సహకార సంఘమునకు సంబంధింపనిదిగా గన్పట్టవచ్చును. చదివిన పిమ్మట సభ్యులే ఆ మాట తేల్తురు గాక.

రెండేండ్ల క్రిందట దివిసీమలో మాకు పరిచయమున్న యొక గ్రామమున ఒకే పక్షములో ఇద్దరిని పాము కరచినది. మొదట కరువబడినది కలుపు తీయ వచ్చిన కూలిమనిషి, నలుబదేండ్ల స్త్రీ. గట్టు దిగుచుండగా చీలమండపైన కాటు పడినది. చూచినవారు రక్తపింజరి యనిరి. కాలు పొంగుచుండగనే ఆమెను ఆటోలో నెక్కించి దగ్గరనున్న ఆసుపత్రికి గొనిపోయిరి. ఆనాడు పనిలోనున్న చిన్న వైద్యుడు గాయము చూచి, ధనుర్వాతము రాకుండ సూది యొకటి వేసి, పెద్దాసుపత్రికి తీసికొనిపోవలసినదని చెప్పెను. చీటి యేమియు వ్రాయలేదు. అంతలో ఆ పొలము కౌలుదారుడు మా సంఘ గుమాస్తాను వెంటబెట్టుకొని వచ్చెను. ఈ గుమాస్తా వైద్యశాస్త్రము చదివినవాడు కాడు. అయితే లెక్కలు వ్రాయువాడగుటచేత ప్రతిదానికిని రసీదు అడుగు నలవాటు గలవాడు.

"అయ్యా, ఇక్కడ పాముకాటు మందున్నదా? ఉన్నచో మొదటి మోతాదు ఇక్కడనే యిచ్చి పంపరాదా? లేనిచో లేదని వ్రాసి యియ్యుడు. ఏమి చేసితిరో, ఎన్ని గంటలకు చేసితిరో, ఎందులకు పంపుచున్నారో ఆ చీటిమీదనే వ్రాయుడు" అని అతడు వినయముగా నడిగెను. వైద్యుడు కొంచెము తడబడి బీరువా తెరపించెను. మందు కలదు. ఆ మందు కొందరికి వికటించునను భయముచేతనే తాను ఇయ్యలేదని ఆయన దాచక చెప్పెను. ఆ భయము వట్టిది కాదు. మందు పడని రోగికి క్షణములలో ఊపిరాడక పోవచ్చును. అందులకు విరుగుడు సూది సిద్ధముగా నుంచుకొనవలెను. ఆయన ఫోనులో పెద్ద వైద్యుని సలహా తీసికొని, మందెక్కించి, చీటి వ్రాసి, 108 బండిలో పంపెను. ఆమె పదునొకండు దినములకు ఇల్లు చేరినది. ఆ యేడు కోతలకు వచ్చినది.

రెండవవాడు ఇరువది యైదేండ్ల కూలివాడు. నేలమీద చాపవేసికొని నిద్రించుచుండగా తెల్లవారుజామున కడుపునొప్పియని లేచెను. కాటు ఎక్కడను కానరాలేదు. వెంట భార్య తప్ప వేరొకరు లేరు. మొదట పోయినచోట అజీర్ణమని మాత్రలిచ్చి పంపిరి. సూర్యోదయము నాటికి కనురెప్పలు వాలిపోయినవి, మాట ముద్దయైనది. రెండవచోట ముందుగా కొంత సొమ్ము కట్టుమనిరి. కార్డు ఇంటివద్ద నున్నది. మూడవచోటికి పోవు దారిలో అతడు కన్నుమూసెను. భార్య చేతిలో మాత్రల పొట్లము తప్ప ఏ కాగితమును లేదు. ఎక్కడెక్కడికి పోయితిరని మేము తరువాత నడుగగా ఆమె, "బాబూ, వారు పొమ్మన్నచోటికెల్ల పోయితిమి" అని చెప్పెను.

ఈ రెండు సంగతులును సరిసమానములని మేము చెప్పము. రెండవది కట్లపాము పని యని తరువాత వైద్యులు చెప్పిరి. దాని కోరలు సన్నని సూదులవంటివి. నొప్పి గాని వాపు గాని యుండదు. విషము నరములకెక్కి ఊపిరి కండరములను పడగొట్టును. సకాలమున మందిచ్చినను కొందరికి వెంటిలేటరు, అనగా ఊపిరి పట్టించు యంత్రము, కావలసివచ్చును. రక్తపింజరి రక్తము గడ్డకట్టు గుణమును పోగొట్టి మూత్రపిండములను చెరచును. గుమాస్తా వెంటనున్నంత మాత్రమున రెండవవాడు తప్పక బ్రతికియుండునని ప్రమాణము చేయజాలము. అయినను కడుపునొప్పితో లేచి రెప్పలు వాల్చుచున్న నేలపరుపు మనిషిని చూచినప్పుడు, "ఇది పాముకాటు కావచ్చునేమో చూడుడు" అని చెప్పువాడొకడు అతని వెంట నుండియుండిన నెంత బాగుండెడిదో!

మన సీమకు ఈ యాపద కొత్తది కాదు. 2018వ సంవత్సరము వానకాలములో అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి ప్రాంతములలో కొలది వారములలోనే నూరుమందికి పైగా పాముకాటునకు గురియైరి. పత్రికలన్నియు వ్రాసెను. ఆ ఆగస్టు నెలాఖరున మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి సన్నిధిని ప్రభుత్వపక్షముననే సర్పశాంతి హోమము జరిగినది. దానిని దేశమంతటను కొందరు పరిహసించిరి. మేము పరిహసింపము. నాగులచవితికి పుట్టలో పాలుపోయు తల్లులు మన యింటి తల్లులే. భయపడిన జనమునకు ధైర్యము చెప్పుటకు ఆ దేవాలయము కంటె దగ్గరి చోటు దివిసీమలో లేదు. అయితే హోమము జరిగినదా లేదా యని విచారించిన వారిలో నూరవవంతు మందియైన, ప్రతి ఆరోగ్య కేంద్రమునను ఎన్ని సీసాల మందున్నదని విచారించిరా? మా ఫిర్యాదెల్ల ఆ విచారణ జరుగకపోవుటను గూర్చియే.

మంత్రగాని మాటయు ఇక్కడనే చెప్పి ముగింతుము. పాముకాటులలో చాలభాగము విషములేని పాములవి. విషసర్పము కరచినప్పుడును ఒక్కొక్కసారి విషము దిగదు. అట్టివారు మంత్రము వేసినను బ్రతుకుదురు, వేయకున్నను బ్రతుకుదురు. ఆ బ్రతికినవారి మీదనే మంత్రగాని కీర్తి నిలిచియున్నది. విషము దిగినవాని విషయమున అతడు చేయునదెల్ల గంటలు గడపుటయే. బిగించి కట్లు కట్టుట, కత్తితో గాటుపెట్టుట, నోటితో పీల్చుట, ఇవియన్నియు కీడే చేయును. కరవబడిన చేతిని గాని కాలిని గాని కదలనీయక, ఉంగరములు, కడియములు, మట్టెలు తీసివేసి, రోగిని నడిపింపక వెంటనే వైద్యశాలకు చేర్చవలెను. చేయవలసినది ఇంతే.

దేశమునందలి లెక్కలు వినుడు. 2020లో ప్రకటితమైన యొక పెద్ద పరిశోధన ప్రకారము 2000 మొదలు 2019 వరకు భారతదేశమున పాముకాటుచేత సుమారు 12 లక్షలమంది మృతినొందిరి. ఏటికి సగటున 58,000 మంది. అందు సగము మరణములు జూన్ మొదలు సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనివి. ఎక్కువ మరణములు గల రాష్ట్రములలో మనదియు చేరియున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే పాముకాటును ఉపేక్షింపబడిన వ్యాధుల పట్టికలో చేర్చినది. ఉపేక్షింపబడుటకు కారణము వెదుక నక్కరలేదు. పాము కరచునది చెప్పులు లేని కాళ్లను, మంచములేని పడకను, దీపములేని దొడ్డిదారిని. కాలరా వచ్చినచో పట్టణమునకును వచ్చును. పాముకాటు మాత్రము పొలమును దాటిపోదు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వము జాతీయ కార్యప్రణాళిక నొకదానిని ప్రకటించి, 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని సంకల్పించినది. ఆ యేడే ప్రతి కాటును, ప్రతి మరణమును తప్పక తెలియజేయవలసిన వ్యాధులలో చేర్పుడని రాష్ట్రములకు వ్రాసినది. ఇంటివద్దను, ఆటోలోను చనిపోయినవారు లెక్కకెక్కనంత కాలము మన ఆరోగ్య కేంద్రములకు రావలసిన మందు లెక్కయు తక్కువగనే యుండును. కావున మరణమును వ్రాయించుటయు రోగిపక్షమున చేయవలసిన పనియే.

ఆ మందును గూర్చి సహకార సభ్యులు తెలిసికొనదగిన యొక సంగతి కలదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమును కొద్దికొద్దిగా గుఱ్ఱములకెక్కించి, వాని రక్తమునుండి విరుగుడు తీయుదురు. మన దేశమున తయారగు మందులో అధికభాగమునకు కావలసిన విషమును సమకూర్చునది తమిళనాడున మహాబలిపురము చెంతనున్న ఇరుల పాములవాండ్ర సహకార సంఘము! 1978లో స్థాపితమైనది. ఇరులవారు మన యానాదుల వంటివారు. ఎలుకలను, పాములను పట్టుటయందు నేర్పరులు. పాముతోళ్ల వ్యాపారము నిషేధింపబడి జీవనము పోయినప్పుడు వారు సంఘముగా నేర్పడి, పామును పట్టి, కొలది వారములుంచి, మూడు నాలుగు మారులు విషము తీసి, మరల అడవిలో విడిచిపెట్టు పద్ధతిని అవలంబించిరి. చేలో మన ప్రాణము కాపాడు సీసాలోనిది ఒక సహకార సంఘము చేతిపని యని మన సభ్యులలో నెందరికి తెలియును? ఒక్క లోపము చెప్పక తప్పదు. ఒకచోటి పాము విషమునకును వేరొకచోటి పాము విషమునకును భేదముండును. అందుచేత దక్షిణపు పాములనుండి తీసిన విరుగుడు అన్ని ప్రాంతములందును ఒకే బలముతో పనిచేయుట లేదని శాస్త్రజ్ఞులు చాలకాలముగా చెప్పుచున్నారు. ప్రాంతమునకు తగిన మందు తయారుచేయుడని కోరుటకు మన సీమకంటె హక్కుగలవారెవరు?

అట్లని మందు లేదని కూర్చుండరాదు. ఉన్న మందు సకాలమున పడినచో ప్రాణములు నిలుచుచున్నవి. చిన్న కేంద్రమున చేయదగిన పరీక్షయు కలదు. రోగి రక్తము కొంచెము తీసి శుభ్రమైన పొడి గాజు గొట్టములో పోసి ఇరువది నిమిషములు కదలింపక యుంచవలెను. తరువాత వంచి చూచినప్పుడు గడ్డకట్టక జారినచో పింజరి విషమెక్కినదని గ్రహింపవచ్చును. దీనికి యంత్రము లేదు, విద్యుత్తు లేదు. గాజు గొట్టమును, గడియారమును చాలును. అయితే ఈ పరీక్ష కట్లపాము విషమును చూపదు. దానికి రోగి కనురెప్పలను, మింగుటను, ఊపిరిని కనిపెట్టి చూచుచుండవలెను.

ఇక హక్కుల మాట. ప్రమాదస్థితిలో వచ్చిన రోగిని, ప్రభుత్వ వైద్యుడైనను ప్రైవేటు వైద్యుడైనను, ముందు ఆదుకొని తీరవలెనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పినది. తరువాత నొక తీర్పు మనవంటివారి కథయే. 1992 జులైలో పశ్చిమ బెంగాలున వ్యవసాయ కూలీల సంఘ సభ్యుడొకడు రైలునుండి పడి తలకు దెబ్బ తగిలించుకొనెను. అతనిని ఒక ప్రభుత్వాసుపత్రి తరువాత మరియొక ప్రభుత్వాసుపత్రి మంచము లేదని, యంత్రము లేదని త్రిప్పి పంపెను. కడపట ప్రైవేటు వైద్యశాలలో సుమారు 17,000 రూపాయలు వెచ్చించి బ్రతికెను. అతని పక్షమున అతని కూలీల సంఘమే కోర్టుకెక్కినది. సకాలమున వైద్యము నిరాకరించుట జీవించుహక్కునకే భంగమనియు, డబ్బు లేదనుట ప్రభుత్వమునకు సాకు కాదనియు 1996 మే నెలలో తీర్పు వచ్చినది. అతనికి 25,000 రూపాయలు పరిహారము ఇప్పించిరి. ఒంటరిగా నున్నచో ఆ మనిషి దెబ్బ మానిన వెంటనే పనికి పోయియుండును. సంఘము వెనుకనుండుటచేత అతని పేర దేశమునకంతటికిని ఒక హక్కు స్థిరపడినది.

మానవహక్కుల కమిషను 2018లో రోగుల హక్కుల పత్రమును సిద్ధపరచినది. 2019లో కేంద్రము దానిని రాష్ట్రములకు పంపినది. అత్యవసర వైద్యము, తన రోగమేమో తెలిసికొనుట, కాగితముల నకళ్లు, ధరల పట్టిక చూచుట, బిల్లు కట్టలేదని రోగిని గాని శవమును గాని ఆపకుండుట, ఇవి అందులోనివి. మన రాష్ట్రమున ప్రైవేటు వైద్యశాలలకు 2002 నాటి చట్టము కలదు. 108 బండ్లు 2005 ఆగస్టు 15న ఈ రాష్ట్రముననే మొదలైనవి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. ప్రభుత్వములు మారినప్పుడెల్ల పేరు మారుచు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ యనబడుచున్నది. మన పల్లెలలో మాత్రము నేటికిని ఆరోగ్యశ్రీ కార్డే. దాని పేర ఆసుపత్రులలో ఆరోగ్యమిత్రలున్నారు. వారు చేయు సాయము చిన్నది కాదు. అయితే ఆరోగ్యమిత్ర పని ఆసుపత్రి లోపల మొదలగును. గట్టుమీదినుండి ఆ బల్లవరకు రోగిని చేర్చువాడు వేరుగా నుండవలెను.

ఆ దూరము అందరికిని ఒక్కటి కాదు. గుడివాడ చుట్టునున్న గ్రామములకు ఏరియా ఆసుపత్రి కలదు. విజయవాడ రోడ్డు నున్నది. బందరునకు 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది; 150 మంది విద్యార్థులకు చోటు కలది. ఇది మన సీమకు కలిగిన మహోపకారము. 2022లో జిల్లా విభజన జరిగి విజయవాడ వేరు జిల్లాలోనికి పోయిన తరువాత మన జిల్లాకు పెద్ద వైద్యశాల బందరే. దివిసీమ సంగతి వేరు. అవనిగడ్డనుండి బందరు ముప్పది నలుబది కిలోమీటర్లు. విజయవాడ అంతకు దాదాపు రెట్టింపు. పులిగడ్డ-పెనుమూడి వారధి 2006లో ఏర్పడిన పిదప రేపల్లె వైపు దారి తెరచుకొన్నది. కాని నాగాయలంక దాటి ఎదురుమొండి దీవికి పోవువారు పంటుమీద కృష్ణ పాయను దాటుచు వచ్చినవారే. ఈలచెట్లదిబ్బ వారికి పడవయే దిక్కు. 108 బండి ఏటియొడ్డున ఆగును. రాత్రివేళ పంటు ఎవరు నడుపవలెను? ఎవరిని లేపవలెను? 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి వేలకొలది ప్రాణములను గొనిపోయిన నాడు ఈ ఏకాకితనమెట్టిదో లోకమంతయు చూచినది. ఉప్పెన వచ్చిన రాత్రి వచ్చిన బండ్లు, పడవలు, దాతలు, పాము కరచిన రాత్రి రారు. ఒక్కని చావునకు ఉప్పెన యని పేరు లేదు గదా.

సమానమైన వైద్యమనగా అందరికిని ఒకే ఎత్తు భవనములు కట్టుట కాదని మా యభిప్రాయము. గుడివాడవానికి అరగంటలో అందునది ఎదురుమొండివానికి మూడుగంటలైనను అందకున్నచో, మొదటి మోతాదు మందు ఎదురుమొండికే ముందు పోవలెను. దూరము పడినవానికి ముందుగా నిచ్చుటయే సమానత్వము. కాలువ చివరి చేలకు నీరు పారించు విషయమున మనమీ న్యాయమును నిత్యము వాదించుచున్నాము. ఆఖరి పొలము ఎండినప్పుడు మొగరైతుకు నీరు చాలినదని యెవ్వరును తృప్తిపడరు.

ఇందులో సహకార సంఘమున కేమి పని యని కొందరు సభ్యులు మమ్మడిగిరి. వారి ప్రశ్న న్యాయమైనదే. మా మొదటి సమాధానము బకాయిల పట్టిక. పంటఋణము ఎరువుల దుకాణమునకు పోక ఆసుపత్రి బిల్లునకు పోయినదని తెలిసిన పేర్లు ప్రతి సంఘమునను ఎన్నియో కలవు. ఆ ఋణము వ్యవసాయము చేయలేదు, తిరిగిరాలేదు. బందరులో వైద్యవృత్తి నవలంబించిన డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆ వృత్తిని విడిచి 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అది 2020లో యూనియన్ బ్యాంకున లీనమైనది. నాడి చూచిన చేయి బ్యాంకు పద్దు పట్టుట వింత యని పలువురందురు. రైతు రోగమును, రైతు అప్పును ఒకే మంచమున పండుకొనియుండుట చూచినవారికి అది వింతగా తోచదు.

ధనము మాట యన్నచో, 1912 నాటి సహకార చట్టముననే, లాభములో నాల్గవవంతు రిజర్వునిధికి చేర్చిన పిమ్మట మిగిలినదానిలో నూటికి పదింటికి మించకుండ ధర్మకార్యమునకు రిజిష్ట్రారు అనుమతితో వినియోగింపవచ్చునని యుండెను. అనగా ఈ యాలోచన మేము క్రొత్తగా పుట్టించినది కాదు. సహకారోద్యమముతో పాటు పుట్టినది. కర్ణాటకమున 2003లో యశస్విని యను పేర సహకార సంఘముల రైతులకు వైద్య పథకము నడచెను. మొదట మనిషికి నెలకు 5 రూపాయల చొప్పున చందా. లక్షలమంది చేరిరి, ప్రభుత్వమును కొంత చేర్చినది, శస్త్రచికిత్సలు ఉచితముగా జరిగినవి. 2018లో దానిని వేరు పథకములో కలిపిరి. రైతులు కోరగా 2022లో మరల తెచ్చిరి. మెచ్చదగినదే. అయితే అది సభ్యులకే పరిమితము. సభ్యత్వము లేని కూలివానికి అందులో చోటు లేదు.

కెనడాలో గోధుమ పండించు సస్కాచువాన్ రాష్ట్రపు రైతులు వేరు దారి త్రొక్కిరి. 1914-15 ప్రాంతమున సార్నియా యను గ్రామ పురపాలక సంఘము, వైద్యుడు ఊరు విడిచి పోకుండ, పన్నులోనుండి అతనికి జీతము నిర్ణయించినది. అది చూచి ఇతర గ్రామములును అట్లే చేసినవి. 1962లో ఆ రాష్ట్రమంతటను ప్రజలందరికి వైద్యము ప్రభుత్వమే భరించు చట్టము అమలులోనికి వచ్చెను. వైద్యులు సమ్మె చేసినప్పుడు జనులు సహకార వైద్యశాలలు పెట్టుకొని నిలిచిరి. ఊరి పన్నుతో మొదలైనది దేశపు చట్టమగుటకు అర్ధశతాబ్దము పట్టినది. మన సంఘములు ఆసుపత్రులు కట్టగలవని మేము చెప్పుట లేదు. ఇప్పుడు మనవలన కాగలది చాల చిన్నది.

ప్రతి సంఘమును తన గ్రామములలో ఇద్దరిని, వీలైనచో నొక స్త్రీని, రోగికి తోడుగా పోవువారిగా నియమింపవలెను. వారికి ఒక్కదినము ఆరోగ్య కేంద్రపు వైద్యునిచేతనే కొన్ని సంగతులు నేర్పింపవలెను. పిలుపు వచ్చినప్పుడు బండి బాడుగ సంఘమిచ్చి తరువాత లెక్క చూచుకొనవలెను. దీవుల గ్రామములందు రాత్రివేళ పడవ నడుపువాని పేరును, ఫోనును సంఘపు గోడమీద వ్రాయింపవలెను. కార్డు నకలు ప్రతి యింటను తలుపు వెనుక వ్రేలాడదీయింపవలెను. రెండవ మనిషి ప్రాణము పోయినది ఇంట మరచిన కార్డుతో గూడ గదా. నాట్లకు ముందే పాలకవర్గము వైద్యాధికారికి ఉత్తరము వ్రాసి, పాముకాటు మందు ఎన్ని సీసాలు నిలువయున్నదో, వాని గడువెప్పుడో తెలిసికొనవలెను. మొదటి మోతాదునకే పది సీసాల వరకు కావలసియుండును. రెండు మూడు సీసాలుండుట ఉన్నట్లు కాదు. సంఘపు డిపోలో ఎరువుల ప్రక్కన టార్చిలైట్లు, దోమతెరలు అసలు ధరకు ఉంచినచో మంచిది. దోమతెర చాప క్రింద మడిచి పండుకొన్నవానిని కట్లపాము చేరనేరదు. మోకాటి బూట్లు ఉంచుడని కొందరు సలహా యిచ్చుచున్నారు. బురదలో అవి వేసికొని నాటు వేయుటెట్లో ఆ సలహాదారులు ఒకపూట నాటి చూపవలసినదని మా కోరిక. గట్లమీదను, కోతలందును మాత్రము పనికివచ్చును.

తోడు పోవువాడు కలహమునకు పోవువాడు కాడు. ఈ మాట గట్టిగా చెప్పదలచితిమి. రాత్రివేళ ఒక్క నర్సుతో ముప్పది గ్రామములకు కావలి కాయు వైద్యుడును మన బిడ్డయే. రోగి చనిపోయినంతనే బల్లలు పగులగొట్టినచో మరుసటి యేడు ఆ కేంద్రమునకు ఎవ్వరును రారు. మా గుమాస్తా ఆనాడు గొంతెత్తలేదు. అడుగవలసినది అడిగి, వ్రాయవలసినది వ్రాయించెను. ఆ వైద్యుడు ఇప్పుడు అతనిని చూచినచో కూర్చుండుమని కుర్చీ వేయించును. మందు తక్కువైనప్పుడు పైకి వ్రాయుటకు మీ సంఘము ఉత్తరమొకటి ఇప్పింపుడని తానే అడిగెను.

కడపట, సభ్యులు కానివారి విషయము. ఒక గౌరవసభ్యుడు, "మన వాటాధనముతో ఊరి కూలీలకెల్ల బండి బాడుగలిత్తుమా?" యని సభలో ప్రశ్నించెను. మేము ఆయనను తప్పుపట్టము. లెక్క అడుగుట సభ్యుని ధర్మము. అయితే మన చేలో కలుపు తీయుచున్న చేయి ఎవరిది? కరచిన గట్టు ఎవరిది? ఆ గట్టు మన పట్టాలో నున్నది, మన కౌలులో నున్నది, మన పంటఋణపు దరఖాస్తులో సర్వే నెంబరుతో సహా నున్నది. ఆ నెంబరుమీద అప్పు తీసికొనునప్పుడు మనదైన పొలము, ఆ పొలములో పాము కరచినప్పుడు పరులదగునా? ఇద్దరిలో బ్రతికిన యామెయు సభ్యురాలు కాదు. ఆమెకైన మొత్తము బాడుగ సంఘపు పద్దులో 1,400 రూపాయలుగా వ్రాయబడినది. కౌలుదారుడు అందు సగము తానే తెచ్చి కట్టినాడు.

వచ్చు మహాజనసభ కార్యక్రమపత్రమున ఈ విషయమును చేర్చవలసినదిగా పాలకవర్గములను కోరుచున్నాము. సభకు ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని, ఆశా కార్యకర్తను, దీవుల గ్రామములనుండి పంటు నడుపువారిని పిలుచుట మంచిది. రోగికి తోడుగా పోవుటకు ఒప్పుకొన్నవారి పేర్లు కలుపుతీతలకు ముందే మాకు పంపినచో, గ్రామముల వారీగా రాబోవు సంచికలో అచ్చువేయుదుము.